జనరేటర్ లాగడానికి చిన్న ట్రక్కు చాలా, పికప్ కావాలా?

మాది విజయవాడలో టెంట్ హౌస్. షామియానాలు, కుర్చీలు, వంట సామాను, వాటితో పాటు చక్రాల ట్రాలీ మీద బిగించిన 25 కేవీఏ సైలెంట్ జనరేటర్ కూడా కిరాయికి ఇస్తాం. కుర్చీలతో ఎప్పుడూ గొడవ లేదు. ఆ జనరేటర్ దగ్గరే సీజన్ సీజన్‌కీ ఇంట్లో పంచాయితీ. ఉన్న చిన్న ట్రక్కుకే కొక్కెం ఉంది, దాంతోనే లాగిద్దాం అంటాడు మా తమ్ముడు. పికప్ కొనందే కుదరదంటాను నేను. ఈ మధ్య ఇదే పనిలో ఉన్నవాళ్లు ఒకరిద్దరు ఫోన్ చేసి ఏది మేలని అడిగితే, ఒక్కొక్కరికీ చెప్పే బదులు ఇలా రాసి పెడుతున్నాను.

చిన్న ట్రక్కు అంటే టాటా ఏస్ తరగతి బండి. 2005లో ఏస్ వచ్చాకే మనలాంటి చిన్న వ్యాపారులకు సొంత బండి అనే మాట అందుబాటులోకి వచ్చింది. మోసే బరువు 750 కిలోల చుట్టూ. పికప్ అంటే బొలెరో పికప్, ఇంట్రా వీ30, దోస్త్ లాంటివి. మోడల్‌ని బట్టి 1.3 నుంచి 1.7 టన్నులు మోస్తాయి, యోధాలో ఇంకా పెద్దది కూడా ఉంది. ఆ పైన టాటా 407 లారీ ఉంది గానీ, మా సందుల్లో అది తిరగదు, దాన్ని పక్కన పెట్టేశాను.

అమెరికాలో ఉన్న మా మేనల్లుడిని అడిగితే వాడి లెక్క వేరే లోకం. అక్కడ లైట్ డ్యూటీ పికప్ అంటే ఫోర్డ్ ఎఫ్-150 లాంటిది. తగిన హంగులు పెట్టించుకుంటే అదే ఆరు టన్నుల దాకా లాగుతుందట. గుర్రాల ట్రైలర్లు, పెద్ద పడవలు లాగేవాళ్లు దానికి పై తరగతి అయిన ఎఫ్-250 హెవీ డ్యూటీకి వెళ్తారు. "మామయ్యా, నీ జనరేటర్ ఇక్కడ బరువు కిందే లెక్క కాదు" అన్నాడు. అయితే వాడు చెప్పినదాంట్లో ఒక మాట మనకూ పనికొచ్చింది. అక్కడ బండి ఎంత మోస్తుందో ఒక అంకె, ఎంత లాగుతుందో ఇంకో అంకె ఉంటాయట. మన దగ్గర చిన్న బండి కొనేటప్పుడు మోసే అంకె ఒక్కటే అడుగుతాం, షోరూమ్ వాళ్లూ అదొక్కటే చెబుతారు. లాగే అంకె గురించి ఎవరూ నోరెత్తరు.

ముందు చిన్న ట్రక్కుకు రావాల్సిన మార్కులు వేసేస్తాను. ప్లాస్టిక్ కుర్చీ ఒక్కోటి రెండు, రెండున్నర కిలోలు. 250 కుర్చీలు దొంతులు పెట్టి తాడు బిగిస్తే చూడ్డానికి కొండలా ఉంటుంది గానీ బరువు 600 కిలోలకు కాస్త అటూ ఇటూనే. షామియానా గుడ్డలు, కార్పెట్లు కూడా అంతే, చోటు ఎక్కువ, బరువు తక్కువ. మోసం చేసేవి ఇనప పైపులు. అడుగున చిన్న కట్టలా పడి ఉంటాయి, వెనక కమాన్లు (స్ప్రింగు పట్టీలు) మాత్రం అప్పటికే వంగిపోయి ఉంటాయి. పైపులు ఒక ట్రిప్పు, కుర్చీలు ఒక ట్రిప్పు అని విడగొట్టుకుంటే చిన్న ట్రక్కుకు మించిన బండి లేదు. వన్‌టౌన్ సందుల్లో, చిట్టినగర్ వైపు కొండవాలు ఇళ్ల దగ్గర పికప్ ముందు చక్రం తిప్పే లోపు ఇది సామాను దించేసి వచ్చేస్తుంది. మాది లీటరుకు 17 ఇస్తోంది. కిరాయికి తెచ్చుకున్న పికప్ 12 దగ్గర ఆగిపోయింది. ఆషాఢంలో, మూఢంలో బండి షెడ్డులో పడి ఉన్నప్పుడు నెల వాయిదా చిన్నదిగా ఉంటే ప్రాణానికి హాయి కూడా.

ఇక జనరేటర్. సైలెంట్ డబ్బా, డీజిల్, కేబుల్ చుట్టలు, ట్రాలీ ఇనుము అంతా కలిపి వేబ్రిడ్జి మీద పెడితే 1,200 కిలోలకు కాస్త తక్కువ తూగింది. దాన్ని లాగే చిన్న ట్రక్కు ఖాళీ బరువు టన్నుకు లోపే. అంటే లాగేవాడి కంటే లాగించుకునేవాడు బరువు. ఈ లెక్క ముందే వేసుకుని ఉంటే నేను ఆ రోజు దాంట్లో ఎక్కేవాణ్ణి కాదు.

గొల్లపూడిలో పెళ్లి అయిపోయింది, తెల్లవారుజామున ఐదింటికి సామాను ఎత్తుకుని తిరిగొస్తున్నాం. డ్రైవర్ పక్కన నేను. వెనక జనరేటర్. కనకదుర్గ ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు రెండో గేర్లో మూలిగింది గానీ ఎక్కింది. "చూశారా అండీ, లాగేసింది" అని మావాడు నవ్వాడు కూడా. రాజీవ్ గాంధీ పార్కు వైపు దిగుతున్నాం. వేగం నలభై కూడా లేదు. కింద ఒక ఆటో ఉన్నట్టుండి ఆగింది. మావాడు బ్రేక్ తొక్కాడు. మా బండి ఆగాలని చూసింది, జనరేటర్ ఆగనంది. నడుం మీద ఎవరో చేత్తో తోసినట్టు ఒక్క తోపు. ట్రక్కు వెనక భాగం ఎడమకు జరిగింది, అద్దంలో జనరేటర్ డబ్బా పక్కకు వచ్చి కనిపించింది. ఆటోకు బారెడు దూరంలో అడ్డంగా ఆగాం. ట్రాలీ కాడి, అంటే కొక్కేనికి తగిలించే ముందు కడ్డీ, వంగి బంపర్‌లోకి దిగబడింది. బ్రేకులు కాలిన వాసన. ఎవరికీ ఏమీ కాలేదు. మావాడు స్టీరింగ్ వదలకుండా అలాగే కూర్చున్నాడు, నేను దిగి చక్రాలకు రాళ్లు పెట్టాను. తప్పు బండిది కాదు, దానికి చెప్పకూడని పని చెప్పిన మాది.

వంగిన కాడి బాగుచేయించడానికి ఆటోనగర్ తీసుకెళ్తే, వెల్డింగ్ చేసే పెద్దాయన దాన్ని కాలితో ఒకసారి కదిపి చూసి అడిగాడు, "దేంతో లాగుతున్నారు?" చెప్పాను. "లాగుద్ది. ఎందుకు లాగదు? ఆగుద్దా అని అడిగారా ఎవరినైనా?"

మా తమ్ముడి వాదన అంతా ఇంజిన్ బలం మీదే నడిచేది. ఆ లెక్కలోనూ తేడా తక్కువేం కాదు. ఏస్ గోల్డ్ పెట్రోల్‌కు రెండు సిలిండర్లు, 694 సీసీ, టార్క్ (చక్రం తిప్పే బలం) 55 న్యూటన్ మీటర్లు. బొలెరో పికప్‌కు నాలుగు సిలిండర్లు, 2,523 సీసీ, టార్క్ 200కు కాస్త అటూ ఇటూ. ఎత్తు మీద హాఫ్ క్లచ్‌లో నిలబెట్టి లాగిస్తే చిన్న బండి క్లచ్ ప్లేట్లు ఎన్నాళ్లు ఉంటాయో మాకు బాగా తెలుసు, ఒక్క సీజన్లో రెండుసార్లు మార్పించాం. అయినా ఇంజిన్ చాలకపోతే బండి ఎక్కదు, అంతే. బ్రేక్ చాలకపోతే ఏమవుతుందో పైన చెప్పాను.

బ్రిటన్‌లో ఒక నియమం ఉంది. సొంత బ్రేకులు లేని ట్రైలర్ బరువు 750 కిలోలు దాటకూడదు, లాగే బండి బరువులో సగమూ దాటకూడదు. ఈ రెండింట్లో ఏది తక్కువైతే అది. ఆ కొలతతో చూస్తే, ఖాళీ బరువు 1,700 కిలోలున్న పికప్ కూడా మా జనరేటర్‌ను లాగకూడదు, ట్రాలీకి బ్రేక్ ఉంటే తప్ప. ఈ సంగతి తెలిసేదాకా పికప్ కొంటే చాలు, అన్నీ సర్దుకుంటాయి అనుకున్నవాణ్ణే నేనూ. అందుకే బండి కంటే ముందు ట్రాలీ సంగతి చూశాను. ఓవర్‌రన్ బ్రేక్ ఉన్న ఇరుసు పెట్టించాం. ముందు బండి వేగం తగ్గగానే ట్రాలీ కాడి లోపలికి నొక్కుకుంటుంది, ఆ నొక్కుడుకే ట్రాలీ చక్రాలకు బ్రేక్ పడుతుంది. కొక్కెం ఊడినా ట్రాలీ రోడ్డు మీద పడి పోకుండా అడ్డంగా రెండు గొలుసులు. వెనక లైట్లకు వైరు కనెక్షన్, ఎందుకంటే జనరేటర్ డబ్బా ట్రక్కు లైట్లను పూర్తిగా మూసేస్తుంది.

ఇంకొకటి, జనరేటర్‌ను ట్రాలీ మీద ఎక్కడ బిగించారన్నది. బరువంతా ఇరుసుకు వెనక ఉంటే, కాడి పైకి లేవాలని చూస్తుంది, వేగం పెరిగితే ట్రాలీ తోకలా ఊగుతుంది. బరువు కాస్త ముందుకు ఉండాలి, మొత్తంలో పదో వంతు కొక్కెం మీద పడేలా. మాకు అది 120 కిలోలు. చిన్న ట్రక్కు వెనక చివర 120 కిలోలు వేలాడదీసి, పైన పైపులు కూడా వేస్తే ముందు చక్రాల పట్టు తగ్గి స్టీరింగ్ తేలిపోతుంది. పికప్‌కు ఇది లెక్కలోకి రాదు.

లాగడం ఎందుకు, పికప్ తొట్టిలోనే పెట్టుకుని పోవచ్చు కదా అంటారు. బరువు ప్రకారం చూస్తే నిజమే, 1.7 టన్నులు మోసే బండికి అది సులువు. చాలామంది అలాగే శాశ్వతంగా బిగించేసుకున్నారు. కానీ అప్పుడు పెళ్లి రెండు రోజులైతే ఆ రెండు రోజులూ బండి పందిట్లోనే. అవతల పోరంకిలో ఇంకో గృహప్రవేశానికి కుర్చీలు వెళ్లాలి. ట్రాలీ అయితే కొక్కెం విప్పి, చక్రాలకు అడ్డు పెట్టి, బండి తీసుకుని వెళ్లిపోవచ్చు. ఉన్నది ఒక్క బండే అయితే దీని విలువ సీజన్లో తెలుస్తుంది. మూడు నాలుగు బండ్లు ఉన్నవాళ్లు బిగించుకోండి, గొడవ ఉండదు.

కాగితాల సంగతి త్వరగా చెప్పేస్తాను. చట్టం ప్రకారం ట్రైలర్ కూడా మోటారు వాహనమే, దానికి వేరే రిజిస్ట్రేషన్ ఉండాలి. ఇన్సూరెన్స్‌లోనూ దాని పేరు ఎక్కించాలి. బండి, సరుకు కలిపి మొత్తం బరువు 3,000 కిలోలు దాటని సరుకు బండికి పర్మిట్ అక్కర్లేదు, దాటితే కావాలి. చిన్న ట్రక్కు ఎప్పుడూ లోపలే ఉంటుంది. పికప్‌లలో కొన్ని లోపల, కొన్ని బయట, కాబట్టి కొనే ముందు ఆర్‌సీలో ఆ అంకె చూసుకోండి. లైసెన్స్ దగ్గర మాత్రం రెండింటికీ తేడా లేదు. 7,500 కిలోల లోపు సరుకు బండిని ఎల్ఎమ్‌వీ (తేలికపాటి వాహనాల) లైసెన్స్‌తో నడపవచ్చని సుప్రీంకోర్టు 2024 నవంబర్‌లో తేల్చి చెప్పింది. ఓవర్‌లోడ్‌కు చట్టంలో 2019 సవరణ తర్వాత 20,000 రూపాయలు, ఆపైన అదనపు టన్నుకు 2,000 చొప్పున. ఒక్కసారి పడితే రెండు పెళ్లిళ్ల జనరేటర్ కిరాయి పోయినట్టే.

డబ్బు దగ్గర పికప్ భారం నిజమే. 2025 జూన్‌లో ఏస్ ప్రో పెట్రోల్ 3.99 లక్షల ఎక్స్ షోరూమ్ ధరతో మొదలైంది. కొత్త పికప్ అంటే దానికి రెట్టింపు పైమాటే. 2025 సెప్టెంబర్ 22 నుంచి సరుకు బండ్ల మీద జీఎస్‌టీ 28 నుంచి 18 శాతానికి దిగింది, కొంత ఊరట. నెలకు ఒక్కసారి కూడా జనరేటర్ లాగే పని లేనివాళ్లు పికప్ జోలికి పోవద్దు. ఇప్పుడు చాలా కల్యాణ మండపాల్లో జనరేటర్లు ఉంటున్నాయి. బయటి జనరేటర్ అడిగేది ఇంటి ముందు పందిరి వేసుకునేవాళ్లు, పల్లెల్లో సభలు పెట్టేవాళ్లు. ముహూర్తాల్లో రెండు మూడు సార్లు అయితే ఆ రోజుకు పికప్ కిరాయికి పిలిపించుకోవడమే చవక. నెలకు నాలుగైదు సార్లు ఊరి బయటకు, పెనమలూరు దాకానో మంగళగిరి దాకానో, లాగాల్సి వస్తే మాత్రం పికప్పే. ఇందులో నాకు రెండో మాట లేదు.

మేము చివరికి కొత్తది కొనలేదు, ఐదేళ్ల పాత పికప్ తీసుకున్నాం. పాతది చూసేటప్పుడు రంగు కాదు, కింద పడుకుని ఛాసిస్ చూడాలి. అతుకు వెల్డింగ్ ఉందా, కమాన్లలో కొత్త పట్టీ ఒకటి వేరే రంగులో కనిపిస్తోందా అని. ఉంటే అది ఎప్పుడూ ఓవర్‌లోడ్‌లోనే తిరిగిన బండి. ఎనిమిదేళ్లు దాటిన బండికి ఫిట్‌నెస్ ఏటేటా చేయించాలి, అంతకు ముందు రెండేళ్లకోసారి చాలు. అందుకే ఐదేళ్లు దాటకూడదని పట్టుబట్టాను.

చిన్న ట్రక్కు అమ్మలేదు, కుర్చీలకు అదే తిరుగుతోంది. దాని వెనక కొక్కెం మాత్రం ఆటోనగర్‌లో ఆ పెద్దాయనతోనే గ్యాస్ కటర్ పెట్టించి కోయించేశాను. తమ్ముడు అనవసరం అన్నాడు. ఉంటే ఏదో ఒక ముహూర్తం రోజు, పికప్ ఇంకో ఊళ్లో ఉన్నప్పుడు, "ఈ ఒక్కసారికీ" అని దానికే తగిలిస్తారు. ఆ తగిలించేది నేనే కావచ్చు.