నెల్లూరులో ఇల్లు లేనివాళ్ల షెల్టర్: ఒక ఆటో డ్రైవర్ రివ్యూ

నెల్లూరు రైల్వే స్టేషన్ దగ్గర రాత్రిళ్లు ఆటో తోలుతాను. ప్లాట్‌ఫాం మీద నుంచి లేపేసిన ముసలివాళ్లను మా స్టాండు వాళ్లం ఊళ్లోని ఒక షెల్టర్‌లో దించి వస్తుంటాం.

మంచం, దుప్పటి, ఫ్యాను ఉచితం. ఆడవాళ్లకు వేరే గది. బట్టలు ఉతుక్కుని డాబా మీద ఆరేసుకోవచ్చు. ఇది చిన్న విషయం కాదండీ, మాసిన చొక్కాతో పోతే పొద్దున అడ్డాలో కూలికి ఎవరూ పిలవరు. నాకు అన్నిటికంటే నచ్చింది తాళం పెట్టెలు. రోడ్డు మీద పడుకునేవాళ్లు ఆధార్ కార్డు, డబ్బులు, మందుల చీటీ అన్నీ తల కింద సంచిలోనే పెట్టుకుంటారు. ఆ సంచి పోతే పింఛను కోసం మళ్లీ ఆఫీసుల చుట్టూ తిరగాలి.

వంట లేదు. అన్న క్యాంటీన్‌లో పూటకు 5 రూపాయలు కాబట్టి చాలామందికి గడుస్తోంది.

గేటు మాత్రం పదికే వేసేస్తారు. హోటళ్లలో అంట్లు తోమేవాళ్లకు పని అయ్యేసరికి పదకొండు దాటుతుంది. వాళ్లెక్కడికి పోవాలి? ఇలాంటి షెల్టర్లకు కేంద్రం జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ అనే పథకం కింద పెట్టిన నిబంధనల్లో, షెల్టర్ 24 గంటలూ తెరిచి ఉండాలని స్పష్టంగా రాశారు. కార్పొరేషన్ వాళ్లు ఈ ఒక్కటి సరిచేయాలి.

ఏదైనా ఇవ్వాలనుకుంటే దోమతెరలు ఇవ్వండి. దుప్పట్లు సరిపడా ఉన్నాయి.