కొల్లాజెన్ పెప్టైడ్ పొడి: డబ్బా మీది మాట, పేగులో జరిగే పని

ఏ బ్రాండు తీసుకున్నా లోపలి సరుకులో పెద్ద తేడా ఉండదు కాబట్టి ఈ సమీక్ష కొల్లాజెన్ పొడులన్నిటికీ కలిపే. కొల్లాజెన్ అంటే చర్మం, ఎముకల్లో ఉండే ప్రోటీన్. దాన్ని కోస్తే వచ్చే చిన్న ముక్కలు పెప్టైడ్లు, అంటే అమైనో ఆమ్లాలనే ఇటుకల పొట్టి గొలుసులు. చేప పొలుసులు, తోలు, లేదా పశువుల తోలు, ఎముకలు ముడిసరుకు. మామూలు డోసు రోజుకు 10 గ్రాములు.

సరుకు నాణ్యత ఇంట్లోనే తేల్చుకోవచ్చు. 10 గ్రాముల పొడిని 100 మి.లీ. వేడినీళ్లలో కరిగించి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచండి. పొద్దునకి నీళ్లలాగే కదులుతుంటే పెప్టైడే. చల్లారిన పాయాలా గడ్డకడితే అది జెలటిన్, సరిగా తెగలేదన్నమాట. చన్నీళ్లలో ఒక్కసారే గుమ్మరిస్తే ఉండలు కడుతుంది. చేప రకానికి కాస్త నీచు వాసన ఉంటుంది, కాఫీలో కలిపితే తెలియదు.

పేచీ అంతా డబ్బా మీది ‘చిన్న పెప్టైడ్లు, నేరుగా రక్తంలోకి’ అన్న మాటతోనే. చిన్నపేగు గోడ కణాల మీద పెప్ట్‌1 అనే రవాణా ప్రోటీన్ ఉంటుంది. రెండు లేదా మూడు అమైనో ఆమ్లాలు కలిసిన ముక్కనే అది లోపలికి తీసుకుంటుంది. విడి అమైనో ఆమ్లాన్ని ముట్టదు, వాటికి దారులు వేరు. నాలుగు కలిసిన ముక్కనూ రానివ్వదు. ఇక డబ్బా వెనక చూడండి: చాలావాటి మీద ముక్కల సగటు బరువు 2000 నుంచి 5000 డాల్టన్లని ఉంటుంది (డాల్టన్ అంటే అణువుల బరువు కొలిచే ప్రమాణం). ఒక్కో అమైనో ఆమ్లానికి సుమారు 110 వేసుకుంటే 3000 డాల్టన్ల ముక్కలో 27 దాకా ఉన్నట్టు. అంటే క్లోమరసం, పేగు గోడ మీది ఎంజైములు దాన్ని మళ్లీ కోయాల్సిందే, గుడ్డునో పప్పునో కోసినట్టే. ఫ్యాక్టరీలో సగం పని అయింది, అంతే.

పెప్ట్‌1 నడిచేది ప్రోటాన్ల (ఆమ్లత్వాన్నిచ్చే హైడ్రోజన్ అయాన్ల) తోపుడుతో. కణం బయటి అంచున ఆమ్లత్వం కాస్త ఎక్కువ. అక్కడి ప్రోటాన్ లోపలికి జారుతూ పెప్టైడ్‌నీ వెంట లాక్కెళుతుంది. లోపలికి వెళ్లిన ముక్కల్లో చాలావాటిని కణంలోని ఎంజైములు విడి అమైనో ఆమ్లాలుగా తెంచేస్తాయి. కొల్లాజెన్‌కు ఇక్కడ ఒక్క ప్రత్యేకత ఉంది: ప్రోలిన్-హైడ్రాక్సీప్రోలిన్ జంట ఆ ఎంజైములకు లొంగదు, కొంత అలాగే రక్తంలోకి చేరుతుంది. కంపెనీల వాదనలో నిలబడే ముక్క ఇదొక్కటే. అది చర్మం దాకా వెళ్లి ముడతలు తీసేస్తుందనడం మాత్రం పెద్ద గెంతు. ఆ పరీక్షల్లో చాలావాటికి డబ్బు పెట్టింది తయారీదారులే.

రక్తంలో తిరిగే చిన్న పెప్టైడ్లు కిడ్నీలో వడకట్టులోంచి జారిపోతాయి. వాటిని వెనక్కి లాగే పని ఎక్కువగా అక్కడుండే పెప్ట్‌2ది, ఇది పెప్ట్‌1కి తోబుట్టువు లాంటి రవాణా ప్రోటీన్. పేగులోని పెప్ట్‌1 భోజనం తర్వాత వచ్చిపడే మోత కోసం ఉంది: పట్టు తక్కువ, మోసే బరువు ఎక్కువ. పెప్ట్‌2 దానికి తిరగేసినట్టు, కొద్దిపాటి పెప్టైడ్‌నీ గట్టిగా పట్టుకుంటుంది. సెఫడ్రాక్సిల్ లాంటి యాంటీబయాటిక్‌ని కూడా పెప్టైడే అనుకుని వెనక్కి లాగుతుంది! అయినా ప్రోలిన్-హైడ్రాక్సీప్రోలిన్ కొంత మూత్రంలో పోతూనే ఉంటుంది.

కిడ్నీలో రాళ్లున్నవాళ్లు ఈ పొడి జోలికి వెళ్లకపోవడమే మేలు. హైడ్రాక్సీప్రోలిన్ కాలేయంలో విరిగినప్పుడు కొంత ఆక్సలేట్‌గా మారుతుంది, కాల్షియం ఆక్సలేట్ రాళ్లకు ముడిసరుకు అదే. పాలకూర తగ్గించమని చెప్పించుకుని, రోజూ రెండు చెంచాల కొల్లాజెన్ తాగడంలో అర్థం లేదు. క్రియాటినిన్ పెరిగినవాళ్లు డాక్టరు చెప్పిన ప్రోటీన్ లెక్కలో దీన్నీ కలపాలి.

10 గ్రాములకు 9 గ్రాముల ప్రోటీన్ అని రాసుంటుంది, లెక్క నిజమే. కానీ ఇందులో ట్రిప్టోఫాన్ అనే తప్పనిసరి అమైనో ఆమ్లం అసలే లేదు కాబట్టి గుడ్డుకు బదులు కాదు. కొనాలనే అనుకుంటే డాల్టన్ అంకె, ముడిసరుకు పేరు రెండూ రాసిన డబ్బానే తీసుకోండి. పచ్చచుక్క వేసి ‘మొక్కల కొల్లాజెన్’ అని అమ్మేదాంట్లో కొల్లాజెన్ ఉండదు, మొక్కల్లో అది లేనే లేదు. మీరు కొనేది సాధారణంగా విటమిన్ సి, కొన్ని అమైనో ఆమ్లాలు, ఇంత ఫ్లేవరు.