సెకండ్ హ్యాండ్ జీరో టర్న్ మోవర్ కొంటున్నారా? చల్లటి ఇంజన్ మీద టెస్ట్ డ్రైవ్ చేసి డబ్బు ఇవ్వకండి

జార్జియాలో కమ్మింగ్, ఆల్ఫరెట్టా వైపు పెద్ద యార్డు ఉన్న ఇళ్లు తీసుకున్న మనవాళ్లు చాలామంది ఉన్నారు కదా, వాళ్లకోసమే ఇది రాస్తున్నాను.

ఏప్రిల్‌లో ఒక చిన్న రిపేరు షాపులో వాడిన జీరో టర్న్ మోవర్ (స్టీరింగ్ బదులు రెండు లివర్లతో నడుపుతూ, ఉన్నచోటే తిప్పగలిగే గడ్డి కోసే బండి) 1,800 డాలర్లకు కొన్నాను. షాపు ముందున్న సిమెంటు మీద ఐదు నిమిషాలు నడిపి చూశాను, రెండు లివర్లూ ముందుకు తోస్తే గీత గీసినట్టు నేరుగా వెళ్లింది, ఇంకేం కావాలి అనుకున్నాను. నేను మోసపోయింది అక్కడే.

ఇంటికి తెచ్చి మొదటిసారి బెర్ముడా గడ్డి కోస్తుంటే అరగంట వరకు బాగానే ఉంది. తర్వాత బండి ఎడమకు లాగడం మొదలైంది, వాలు ఎక్కేటప్పుడు ఎడమ చక్రం దాదాపు ఆగిపోయింది. అంతకంటే భయపెట్టింది ఇంకొకటి. బ్లేడ్లు ఆపేసి, లివర్లు న్యూట్రల్‌లో వదిలి, సీట్లోనే కూర్చుని ఫోన్ చూసుకుంటుంటే బండి దానంతటదే మెల్లగా కుడివైపు తిరుగుతూ కదిలింది. కుడివైపు నాలుగడుగుల రిటైనింగ్ వాల్, దాని కింద మా పిల్లలు ఆడుకునే చోటు. ఆ రోజు రాత్రి నిద్ర పట్టలేదు.

వేరే మెకానిక్‌ని పిలిస్తే ఆయన వెనక భాగం జాక్‌తో ఎత్తి, ఫ్రేము కింద స్టాండ్లు పెట్టి చూపించాడు. జీరో టర్న్‌లో వెనక చక్రం ఒక్కోదానికి ఆయిల్ ఒత్తిడితో దాన్ని తిప్పే హైడ్రో పంపు ఒక్కోటి ఉంటుంది, లివర్ నుంచి ఆ పంపుకి ఒక రాడ్ వెళ్తుంది. మా బండిలో ఎడమ పంపు అరిగిపోయింది. అది కొనేవాళ్లకి తెలియకుండా ఎడమ రాడ్‌ని దాని మీదున్న మర (థ్రెడ్) చివరిదాకా తిప్పేశారు, కుడి లివర్ పూర్తిగా ముందుకు పోకుండా స్టాప్ బోల్టు బిగించారు, నట్ల మీద రెంచి గీతలు ఇంకా కొత్తగా మెరుస్తున్నాయి. ఆయిల్ చల్లగా, చిక్కగా ఉన్నంతసేపు రెండు చక్రాలూ సమానంగా తిరుగుతాయి, వేడెక్కి పలచబడగానే అరిగిన పంపులో లోపలే లీకై ఒత్తిడి పోతుంది. న్యూట్రల్‌లో కదలడానికి కారణం ఆ రాడ్డే. దాన్ని సరైన చోటికి తెస్తే కదలడం ఆగింది, కానీ ఎడమ చక్రంలో బలమే లేదు. ఆయిలు, ఫిల్టరు మార్చి, ఆయిల్లో చిక్కుకున్న గాలి తీసినా తేడా రాలేదు. ఆ పక్క యూనిట్ మార్చడానికి 750 డాలర్లు అన్నారు. షాపువాడు మాత్రం రసీదు మీద ‘యాజ్ ఈజ్’ (ఉన్నది ఉన్నట్టే, తర్వాత నా బాధ్యత లేదు) అని రాశాను కదా అని చేతులు దులుపుకున్నాడు.

కాబట్టి కొనేముందు కనీసం అరగంట నడపండి, గడ్డి కోస్తూ నడిపితే ఇంకా మంచిది. అంతసేపు ఒప్పుకోకపోతే ఆ బండి వద్దు. మొదట, వెనకున్న రెండు టైర్లలో గాలి సమానంగా ఉందో లేదో గేజితో చూడండి, ఒకదాంట్లో తక్కువున్నా బండి ఒక పక్కకు లాగుతుంది, అది పంపు తప్పు కాదు. వేడెక్కాక చిన్న వాలు ఎక్కించండి, వెనక్కి కూడా ఎక్కించండి. (చాలా మాన్యువల్స్ 15 డిగ్రీలు దాటిన వాలు మీద నడపొద్దంటాయి, అంత నిటారు చోట ప్రయత్నించకండి.) చదును మీద ఆపి, బ్రేకు వేయకుండా లివర్లు న్యూట్రల్‌లో వదిలి ఒక నిమిషం చూడండి, అంగుళం కదిలినా ఎందుకని అడగండి. తర్వాత సీటు ఎత్తి రెండు రాడ్ల మరలు పోల్చి చూడండి. కొద్ది తేడా మామూలే, కానీ ఒక పక్క మర పూర్తిగా లోపలికి వెళ్లిపోయి, ఇంకో పక్క సగం బయట కనబడుతుంటే అది సర్దుబాటు కాదు, దాచిపెట్టడం.

నిన్న అటు వెళ్తూ చూశాను, అదే షాపు ముందు ఇంకో రెండు జీరో టర్న్‌లు పెట్టారు. ఈ వైపు ఎవరైనా మోవర్ చూడటానికి వెళ్తుంటే ముందు నాకు మెసేజ్ పెట్టండి, శనివారం పొద్దున అయితే జాకు, స్టాండ్లు తీసుకుని నేనే వస్తాను.