గ్రేడిల్ కారణం లేకుండా కూలిపోతుంటే: మెమ్‌టెస్ట్86 ప్లస్ సమీక్ష

యాప్ కోడ్‌ను కూర్చి యాప్‌గా తయారుచేసే, అంటే బిల్డు చేసే సాధనం గ్రేడిల్. వెనుక నడుస్తుండే దాని ప్రక్రియ, 'డీమన్', అనుకోకుండా మాయమైందన్న సందేశం ఆండ్రాయిడ్ యాప్‌లు చేసేవారికి కొత్తేమీ కాదు. ఆ వెంటనే అదే బిల్డును మళ్లీ నడిపితే ఏమీ జరగనట్టు పూర్తి కావడమే అసలు చిక్కు. విజయవాడ పటమటలోని మా కార్యాలయంలో ఒక డెస్క్‌టాప్ మీద వేసవి పొడవునా ఇదే తంతు నడిచింది. గుంటూరు మిర్చి యార్డు కమీషన్ వ్యాపారుల కోసం చేస్తున్న యాప్ రిలీజ్ బిల్డు ఒక రోజు సాఫీగా వచ్చేది, మరో రోజు కాట్లిన్ భాషలోని కోడ్ కంపైల్ అవుతుండగానో, కోడ్‌ను కుదించే ఆర్8 దశలోనో ఆగిపోయేది. చివరకు కారణాన్ని తేల్చింది కంప్యూటర్ మెమరీని (ర్యామ్‌ను) పరీక్షించే మెమ్‌టెస్ట్86 ప్లస్ అనే ఉచిత సాధనం.

దాని జోలికి వెళ్లే ముందు డీమన్ ఎలా పోయిందో చూసుకోవాలి. మెమరీ చాలక ఆపరేటింగ్ సిస్టమే దాన్ని చంపి ఉంటే, లినక్స్‌లో ఆ సంగతి కెర్నల్ లాగ్‌లో దొరుకుతుంది. అప్పుడు గ్రేడిల్ ప్రాపర్టీస్ ఫైలులో హీప్ (జావా వాడుకునే మెమరీ) పరిమితినీ, ఒకేసారి పనిచేసే వర్కర్ల సంఖ్యనూ సరిచూసుకుంటే చాలు. గ్రేడిల్‌ను నడిపే జావా వర్చువల్ మెషీనే కూలితే మాత్రం సాధారణంగా 'హెచ్ఎస్ ఎర్ పీఐడీ' అని మొదలయ్యే పేరుతో ఒక ఫైలు మిగులుతుంది. అందులో కూలిన చోటును చూపే 'ప్రాబ్లమాటిక్ ఫ్రేమ్' వరుసను ప్రతిసారీ పోల్చి చూడాలి. ఎప్పుడూ ఒకే ఫంక్షన్ కనిపిస్తే సాఫ్ట్‌వేర్‌ను అనుమానించవచ్చు. మాకు ఒకసారి గార్బేజ్ కలెక్టర్, ఒకసారి జిట్ కంపైల్ చేసిన మెథడ్, ఇంకోసారి జిప్ లైబ్రరీ కనిపించాయి. ఇలా దొంగ ఇల్లు మారినట్టు చోటు మారుతుంటే హార్డ్‌వేర్ వైపు చూడక తప్పదు.

1994లో క్రిస్ బ్రేడీ రాసిన మెమ్‌టెస్ట్86 నుంచి 2004లో శామ్యూల్ డెముల్‌మీస్టర్ ఈ 'ప్లస్' శాఖను వేరుచేశారు. 2022లో వచ్చిన 6వ వెర్షన్‌ను మార్టిన్ విటేకర్ చేసిన పీసీమెమ్‌టెస్ట్ పునాదిపై తిరగరాశారు కాబట్టి ఇది పాత బయోస్ స్థానంలో యూఈఎఫ్ఐ ఉన్న ఇప్పటి యంత్రాల మీద కూడా నడుస్తుంది. దాదాపు ఇదే పేరుతో పాస్‌మార్క్ సంస్థ అందించే ఉత్పత్తి వేరు. దించుకునేటప్పుడు ఆ 'ప్లస్' గుర్తును గమనించండి. పెన్‌డ్రైవ్ నుంచి నేరుగా బూట్ అయి, ఆపరేటింగ్ సిస్టమ్ లేకుండానే పనిచేయడం దీని బలం. విండోస్ లోపల నడిచే పరీక్షలకు అందని మెమరీ భాగాలను కూడా ఇది తడిమి చూడగలదు.

మా యంత్రంలో ముందుగా, గుర్తింపు సంతకం లేని సాఫ్ట్‌వేర్‌ను బూట్ కానివ్వని సెక్యూర్ బూట్‌ను ఆపవలసి వచ్చింది. డిస్కుకు తాళం వేసే విండోస్ బిట్‌లాకర్ ఉన్నవారు రికవరీ కీని దగ్గర పెట్టుకున్నాకే ఆ పని చేయాలి, లేకపోతే కొత్త తలనొప్పి మొదలవుతుంది. రాత్రి ఏసీ గదిలో నడిపిన మొదటి పాస్ (మెమరీ అంతటినీ ఒక విడత పరీక్షించడం) ఏ లోపమూ చూపకుండా ముగిసి, తెర మీద పచ్చని 'పాస్' గుర్తు పడింది. మర్నాడు మధ్యాహ్నం, మే నెల ఎండకు గది కాగుతున్నప్పుడు ఏసీ ఆపి మళ్లీ నడిపితే ఎర్రని వరుసలు రాసాగాయి. అన్నీ దగ్గర దగ్గర అడ్రసులే. వరుసగా 'ఎఫ్'లు ఉండవలసిన విలువలో ఒకే ఒక్క 'డి', అంటే ఒక్క బిట్ తేడా. రెండు ర్యామ్ స్టిక్కులను విడివిడిగా పెట్టి చూస్తే ఒకదానితోనే లోపాలు వచ్చాయి. ఆ లోపాలు కనిపించే తెర ఫొటో చూపగానే గవర్నర్‌పేటలోని దుకాణంవారు వాదన లేకుండా వారంటీ కింద స్టిక్కును మార్చి ఇచ్చారు. ఆ తర్వాత బిల్డు ఆ తీరున కూలలేదు.

ర్యామ్ బాగున్నా ఈ పరీక్ష వృథా కాదని నా అభిప్రాయం. మళ్లీ పుట్టించి చూపలేని క్రాష్‌ను నివేదించినప్పుడు అవతలివారికి మొదట వచ్చే సందేహం హార్డ్‌వేర్ మీదనే కాబట్టి, వేడిలోనూ చల్లదనంలోనూ పలు పాస్‌లు దాటిందని ముందే రాస్తే ఒక విడత ఉత్తర ప్రత్యుత్తరాలు తగ్గుతాయి. దానితో పాటు జావా, గ్రేడిల్, ఆండ్రాయిడ్ ప్లగిన్ వెర్షన్లనూ, ఒక్కటి కాక దొరికిన క్రాష్ ఫైళ్లన్నిటినీ జతచేయాలి. కూలింది వర్చువల్ మెషీన్ లోపలే అయితే ఫిర్యాదు వెళ్లవలసింది ఆ జేడీకే (జావా డెవలప్‌మెంట్ కిట్) ఇచ్చినవారికి. గ్రేడిల్ బృందం దాన్ని చదివి అక్కడికే పొమ్మనే అవకాశం ఎక్కువ. క్రాష్ ఫైలులో కమాండ్ లైనూ, మీ పేరున్న ఫోల్డర్ దారులూ ఉంటాయి కనుక, యాప్‌పై సంతకం చేసే కీలుండే కీస్టోర్ ఫైలు పాస్‌వర్డ్ అందులో దొర్లిందేమో చూసుకుని పంపండి.

ఈ సాధనం లోపాల్లో పెద్దది, ఫలితాన్ని ఫైలుగా భద్రపరచకపోవడం. తెరను ఫోనుతో ఫొటో తీస్తే దాని మీద అలల గీతలు పడి, సరిగ్గా కావలసిన అడ్రసే మసకబారుతుంది. పరీక్ష నడిచినంతసేపూ యంత్రం మరో పనికి రాదు. మధ్యలో కరెంటు పోతే మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి, కాబట్టి యూపీఎస్ తప్పనిసరి. ర్యామ్ బోర్డుకే అతికించి ఉన్న ల్యాప్‌టాప్‌లలో స్టిక్కు మార్చే దారి లేకపోయినా, చెడిన అడ్రసులను లినక్స్ పక్కన పెట్టేలా రాసి చూపే పద్ధతి దీని సెట్టింగ్‌లలో ఉంది. దాన్ని మాత్రం మెచ్చుకోవాలి. ఐఫోన్ యాప్‌ల కోసం ఎం వరుస చిప్‌లున్న మ్యాక్‌లు వాడేవారికి ఇది అసలే నడవదు. ఇంటెల్, ఏఎండీ యంత్రాల మీద ఆండ్రాయిడ్ పని చేసేవారికైతే ఐదుకు నాలుగు చుక్కలు. ఆ ఒక్కటి తగ్గించింది ఫలితాన్ని దాచుకోనివ్వనందుకు.