నెల్లూరు లాడ్జి రిజిస్టరు, ఒంగోలు పెద్దమ్మ పాట

మా క్వయిర్ (చర్చి పాటల బృందం) ఆరు రోజుల పర్యటనలో మొదటి ఐదు రోజులూ హాయిగా గడిచిపోయాయి. గుంటూరులో సోమవారం బయల్దేరి చీరాల, అద్దంకి, కందుకూరు, కావలి, నెల్లూరు. ప్రతిచోటా అక్కడి చర్చి సంఘం వాళ్ళు కడుపునిండా పెట్టారు, సభలు నిండాయి, ఎవరి గొంతూ పోలేదు. రాయాల్సిందల్లా ఆరో రోజు, ఒంగోలులో చివరి సభ ఉన్న శనివారం గురించే.

మేం ఇరవై ముగ్గురం, డ్రైవరుతో ఇరవై నాలుగు. మినీ బస్సు కిలోమీటరుకు 32 రూపాయలు, డ్రైవరు బత్తా రోజుకు 600. నేను ఆల్టో (ఆడవాళ్ళలో కింది స్థాయి గొంతు) పాడతాను, డబ్బులూ నా చేతిమీదే నడుస్తాయి. ఆ డబ్బు ఎక్కడిదో చెప్తే నా బాధ అర్థమవుతుంది. సగం మేం తలా కొంత వేసుకున్నది, మిగతా సగం మా సంఘంలో కూలికి వెళ్ళేవాళ్ళు, పింఛను మీద బతికేవాళ్ళు కవర్లలో పెట్టి ఇచ్చిన కానుక. అందుకే టీ నీళ్ళకు కూడా బిల్లు అడిగి తీసుకుంటాను.

మిగతా ఊళ్ళన్నిటిలో సంఘస్తుల ఇళ్ళలోనే పడుకున్నాం. నెల్లూరులో మాత్రం శుక్రవారం సభ అయ్యేసరికి ఆలస్యమవుతుందని, ఇంతమందిమి వాళ్ళను ఇబ్బంది పెట్టడం ఎందుకని లాడ్జి తీసుకున్నాం. ఏడు రూములు, ఒక్కోటి 1,150. మొత్తం 8,050 రాత్రే కట్టేశాను. ఇరవై నాలుగు గంటల లెక్క అన్నారు. మేం లోపలికి అడుగుపెట్టింది రాత్రి 9.10కి. రూములు ఫర్వాలేదు, దుప్పట్లు ఉతికినవే, వేడినీళ్ళు పొద్దున ఆరింటికే వచ్చాయి.

మర్నాడు ఎనిమిదిన్నరకు బయల్దేరాలని అనుకున్నాం. సామాను మెట్ల మీదుగా దించుతుంటే కుర్రాడొకడు అడ్డం వచ్చి కింద గ్రిల్లు వేసేశాడు. హార్మోనియం, కీబోర్డు ఆ గ్రిల్లుకు అవతలే ఉండిపోయాయి. మేనేజరు చాలా మర్యాదగా, "మీ టైము తొమ్మిది పదికి అయిపోతుందమ్మా. మీరు బయటపడేసరికి అది దాటుద్ది. ఇంకో రోజు అద్దె కట్టాలి" అన్నాడు.

నాకు ముందు అర్థం కాలేదు. రాత్రి తొమ్మిదింటికి వచ్చినవాళ్ళకు పొద్దున తొమ్మిదింటికి రోజెలా పూర్తవుతుంది? రిజిస్టరు తెప్పించి చూశాను. అన్ని వరుసలూ నీలం సిరాతో ఉన్నాయి. మా ఏడు వరుసల్లో మాత్రం 9.10 పక్కన ఉన్న 'పి.ఎం.' లో పి అక్షరాన్ని నల్ల పెన్నుతో దిద్ది ఏ చేశారు. గట్టిగా నొక్కి దిద్దారేమో, వేలితో తడిమితే కాగితం వెనకవైపు ఉబ్బు తగిలింది. ఏడు వరుసల్లోనూ అంతే.

నా దగ్గర సాక్ష్యం ఉంది. శుక్రవారం పొద్దున మేం కావలిలో టిఫిను తిన్న హోటలు బిల్లు మీద తేదీ, 9.22 అని టైము అచ్చయి ఉన్నాయి. తీసి చూపించాను. "అది ఎవరి బిల్లో నాకేం తెలుసమ్మా" అన్నాడు. శుక్రవారం సభ కరపత్రం చూపించాను. దాన్ని చూడను కూడా చూడలేదు. మాలో టెనర్ (మగవాళ్ళలో పై స్థాయి గొంతు) పాడే బాబాయి గొంతు లేపాడు. ఆడపిల్లలు మెట్ల మీద సంచుల మీదే కూలబడ్డారు, ఇద్దరికి కళ్ళలో నీళ్ళు. పోలీసులకు ఫోను చేద్దామని బాబాయి, వద్దని మా క్వయిర్ మాస్టారు. "సాయంత్రం పాడాల్సిన గొంతులు, ఇక్కడ అరవొద్దు" అన్నారాయన. దాదాపు రెండు గంటలు గడిచాక సగం కడితే వదిలేస్తామన్నారు. 4,025 రూపాయలు. కట్టాను. రసీదు అడిగితే ఇవ్వలేదు. నా క్యాష్‌బుక్కులో రసీదు లేని ఖర్చు ఆ ఒక్కటే.

గుంపుగా వెళ్ళేవాళ్ళకు నేను చెప్పేది ఒకటే. లాడ్జిలో దిగినప్పుడు మీ పేరున్న వరుసను, టైముతో సహా, వాళ్ళ ఎదుటే ఫోనులో ఫొటో తీసుకోండి. సిగ్గుపడొద్దు. ఆ ఊళ్ళో సంఘం ఉంటే చర్చి వరండాలో చాపలేసుకుని పడుకున్నా నయం.

డబ్బుకంటే పెద్ద నష్టం ఇంకొకటి ఉంది. దారిలో రామాపట్నం వెళ్దామనుకున్నాం. అక్కడి బాప్టిస్టు సెమినరీ (పాదిర్లకు చదువు చెప్పే బడి) 1870ల నాటిది, ఎంతమంది తెలుగు పాదిర్లను తయారుచేసిందో! మా మాస్టారి నాన్నగారు చదువుకుంది అక్కడే. చిన్నప్పుడు ఆయన చెప్పిన సముద్రపు గాలి, చెట్ల కింద పాఠాలు ఒక్కసారైనా చూడాలని మాస్టారు ఆరు నెలలుగా అంటున్నారు. నెల్లూరులో బస్సెక్కేసరికి పదీ ఇరవై. ఒంగోలులో మైకులు సరిచూసుకోవడానికి రెండున్నరకల్లా ఉండాలి. రామాపట్నం మళ్ళే దారి దగ్గర డ్రైవరు బస్సు నెమ్మది చేసి అద్దంలో వెనక్కి చూశాడు. మాస్టారు తల అడ్డంగా ఊపారు. ఆ తర్వాత చాలాసేపు కిటికీ వైపే తిరిగి కూర్చున్నారు. ఎవరూ పాడలేదు. లాడ్జి వాళ్ళను 4,025కి క్షమించగలనేమో గాని దీనికి నావల్ల కావడం లేదు, ప్రార్థన చేస్తున్నాను.

ఉలవపాడు దగ్గర రోడ్డు పక్కన సపోటాలు కొన్నాం, కిలో 40. మామిడి కాలం కాకపోయినా ఉలవపాడులో ఆగాల్సిందే, సపోటాలు అంత తియ్యగా ఉంటాయి. బేరం ఆడకండి, ఆ ధరకు పట్నంలో దొరకవు.

సింగరాయకొండ దాటాక ఒక చిన్న మెస్సు. రేకుల కప్పు, నాలుగు బల్లలు. భోజనం 110. ఒక్కసారే ఇంతమందిమి దిగేసరికి మెస్సు నడిపే ఆవిడ కంగారు పడకుండా, "అన్నం ఇంకో గిన్నె పెట్టాలయ్యా, పావుగంట పట్టుద్ది, ఆగగలరా?" అని ముందే చెప్పింది. ఆగాం. మామిడికాయ ముక్కలేసిన చేపల పులుసు, నూనె తేలుతూ, ఎర్రగా. ముందురోజు నెల్లూరులో తిన్న పులుసు బాగుంది గాని ఇది దానికంటే ఒక మెట్టు పైనే. పప్పు, గోంగూర, గడ్డపెరుగు. బాబాయి మొహంలో అప్పుడు కాస్త కళ వచ్చింది. ఇరవై నాలుగు భోజనాలకు 2,640 ఇచ్చి బస్సు దగ్గరికి వచ్చేశాను. ఆవిడ చెయ్యి తుడుచుకుంటూ వెనకాలే పరిగెత్తుకొచ్చింది. "ఒక విస్తరి మడవకుండా అట్టాగే ఉందమ్మా, ఎవరో తిన్లేదు" అని 110 నా చేతిలో పెట్టింది. నిజమే, మాలో సొప్రానో (ఆడవాళ్ళలో పై స్థాయి గొంతు) పాడే అక్క చివరి సభ అయ్యేదాకా ఉపవాసం అని మొక్కుకుంది, నేనే మర్చిపోయాను. నెల్లూరులో కార్చని కన్నీళ్ళు నాకు అక్కడ వచ్చాయి.

ఒంగోలులో మైకుల పని అయ్యాక నాలుగున్నరకు ప్రార్థన కొండ ఎక్కాం. కొండ పెద్దదేం కాదు, ముసలివాళ్ళు కూడా ఎక్కగలరు, కానీ ఫిబ్రవరి ఎండకే రాయి కాలుతోంది. చెప్పులు విడిచేవాళ్ళు పొద్దునే వెళ్ళండి. 1854 జనవరి 1న తెల్లవారుజామున అమెరికా బాప్టిస్టు మిషనరీ జూయెట్ దొర, ఆయన భార్య, ముగ్గురు తెలుగు విశ్వాసులు, మొత్తం ఐదుగురు ఇక్కడ మోకరించి, ఈ ఊరికి ఎవరినైనా పంపమని అడిగారు. పన్నెండేళ్ళకు, 1866లో, మరో అమెరికా మిషనరీ క్లౌ దొర ఒంగోలు వచ్చారు. మాస్టారు పైన ఒక్క మాటా మాట్లాడలేదు. కిందికి చూస్తూ నిలబడి, దిగేటప్పుడు నా సంచి తీసుకుని తనే మోశారు.

సభ ఆరున్నరకు మొదలైంది. అంతకుముందు, మేం వేదిక పక్క గదిలో గొంతులు సవరించుకుంటుంటే ఒక పెద్దమ్మ వచ్చి కూర్చుంది. తెల్లచీర, చేతిలో బట్టలో చుట్టిన కీర్తనల పుస్తకం. గుండ్లకమ్మ ఒడ్డున వాళ్ళ పల్లె. 1878 జులై 3న అదే ఏటిలో ఒక్కరోజున 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు కదా, వాళ్ళలో తన తాత తల్లి ఒకరని చెప్పింది. కరువు రోజుల్లో క్లౌ దొర బకింగ్‌హాం కాలవ తవ్వకంలో మూడున్నర మైళ్ళ పని గుత్తకు తీసుకుని జనానికి కూలి ఇప్పించిన సంగతి మేం పుస్తకాల్లో చదివాం. ఆమె మాత్రం "మా వాళ్ళు ఆ కాలవలో మట్టి మోశారయ్యా" అంది, నిన్నగాక మొన్న జరిగినట్టు.

మేం పాతకాలపు తెలుగు క్రైస్తవ కవి పురుషోత్తమ చౌదరి గారి కీర్తన ఒకటి నాలుగు రకాల గొంతులకు నాలుగు స్వరాల్లో కూర్చుకుని ఐదు రోజులుగా పాడుతున్నాం. అది విని ఆమె, "బాగుంది నాయనా, కానీ పల్లవి అంత తొందరగా వదిలేస్తారేంటి?" అంది. వదిలేయడమంటే ఏమిటమ్మా అని మాస్టారు అడిగారు. తొడ మీద తాళం వేస్తూ పాడి చూపించింది. పల్లవి రెండో సగాన్ని రెండుసార్లు అంటుంది. రెండోసారి చివరి అక్షరాన్ని మెల్లగా కిందికి జార్చి, తాళం పూర్తయ్యేదాకా అక్కడే నిలుపుతుంది. గొంతు వణుకుతోంది గాని శ్రుతి ఎక్కడా తప్పలేదు. మాస్టారు నేలమీద కూర్చుని మూడుసార్లు పాడించుకున్నారు. జేబులోంచి సపోటాల చీటీ తీసి, దాని వెనక సోల్ఫా (డో, రే, మీ అక్షరాల్లో స్వరం) రాసుకున్నారు.

ఆ రాత్రి ఆ కీర్తన ఆమె చెప్పినట్టే పాడాం, పల్లవి దగ్గర స్వరాలు విడదీయకుండా అందరం ఒకే గొంతుగా. రెండోసారి ఆ జారుడు వచ్చేసరికి ముందు వరుసల్లోని ముసలివాళ్ళు మాకంటే ముందే అందుకున్నారు. ఉపవాసం అక్క ఏడుస్తూనే పాడింది.

భోజనాలయ్యి పదింటికి బయల్దేరాం. మార్టూరు దగ్గర టీకి ఆగితే (ఇరవై మూడు టీలు, 345 రూపాయలు, డ్రైవరు టీ తాగడు) మాస్టారు బస్సు దిగలేదు. గ్లాసు పట్టుకెళ్ళి ఇచ్చాను. లోపల లైటు వేసుకుని, చీటీ మోకాలి మీద పెట్టుకుని, ఆ రెండో సగాన్ని సన్నగా అనుకుంటున్నారు.

"రామాపట్నానికి ఏప్రిల్లో మనిద్దరం రైల్లో పోదామమ్మా, సింగరాయకొండలో దిగి" అన్నారు. "ఆ మెస్సు ఎక్కడుందో గుర్తుందిగా?"

గుర్తుందన్నాను.