వంద టెరాబైట్లు పంపాలి: మామూలు ఇంటర్నెట్, పరిశోధన నెట్‌వర్క్, డిస్కుల పెట్టె... ఏది మేలు?

వంద టెరాబైట్ల డేటా ఒక ఖండం నుంచి మరో ఖండానికి చేరాలి. దారులు మూడు: అందరూ వాడే ఇంటర్నెట్, విద్యా పరిశోధన సంస్థల కోసమే నడిచే నెట్‌వర్కులు, లేదా డిస్కుల్లో నింపి విమానం ఎక్కించడం. మూడోది వినగానే నవ్వొస్తుంది కానీ, దాన్ని తీసిపారేయడానికి లేదు.

2017 ఏప్రిల్‌లో పలుచోట్ల ఉన్న టెలిస్కోపులను కలిపి వాడే ఈవెంట్ హొరైజన్ టెలిస్కోప్ బృందం కృష్ణబిలం చిత్రం కోసం సేకరించిన డేటా పెటాబైట్లలో ఉంది (పెటాబైట్ అంటే వెయ్యి టెరాబైట్లు). దాన్ని హీలియం నింపిన హార్డ్‌డిస్కుల్లో అమెరికాలోని హేస్టాక్ అబ్జర్వేటరీకి, జర్మనీలో బాన్‌లోని మాక్స్ ప్లాంక్ సంస్థకు చేరవేశారు. ఎత్తైన కొండల మీది పలుచని గాలిలో మామూలు డిస్కులు సరిగా పనిచేయవు, అందుకే హీలియం. దక్షిణ ధ్రువంలోని టెలిస్కోప్ డిస్కులు మాత్రం అక్కడి చలికాలం ముగిసి విమానాలు తిరిగేదాకా ఆగి, డిసెంబరులో గానీ చేరలేదు. ఆలస్యాన్ని ఓర్చుకోగలిగిన పని కాబట్టి సరిపోయింది. ఒక్కో డిస్కులోకి సెకనుకు రమారమి 250 మెగాబైట్లే ఎక్కుతాయి; డ్రైవులు ఒక్కటొక్కటిగా నింపుకుంటూ పోతే వంద టెరాబైట్లకు నాలుగున్నర రోజులు దాటుతాయి. దించుకోవడానికి అవతల మళ్లీ అంతే. విమాన ప్రయాణం లెక్క మాత్రమే వేసుకునేవాళ్లు దీన్ని మరిచిపోతుంటారు.

ఇక తీగల సంగతి. వీటి వేగాన్ని బిట్లలో చెబుతారు, ఎనిమిది బిట్లు ఒక బైటు. కాగితం మీద సెకనుకు 1 గిగాబిట్ లింకులో వంద టెరాబైట్లకు తొమ్మిది రోజుల పైమాటే, 10 గిగాబిట్లలో 22 గంటలు, 100 గిగాబిట్లలో రెండుంపావు గంటలు. మామూలు ఇంటర్నెట్‌లోనూ 10 గిగాబిట్ల లింకు కొనుక్కోవచ్చు. మరి తేడా ఎక్కడ?

డేటాను చిన్న ముక్కలు చేసి పంపుతారు, ఆ ముక్కలే ప్యాకెట్లు. దారిలో తప్పిపోయే ప్యాకెట్ల దగ్గరే తేడా. డేటాను మోసే టీసీపీ అనే పద్ధతి, ఒక ప్యాకెట్ పోయిందని తెలియగానే దారి కిక్కిరిసిందనుకుని వేగం తగ్గించుకుంటుంది, తర్వాత మెల్లగా పెంచుకుంటుంది. రెండు కొసల మధ్య దూరం ఎంత ఎక్కువైతే ఆ కోలుకోవడం అంత నెమ్మది. అమెరికా ఇంధన శాఖ నడిపే పరిశోధన నెట్‌వర్క్ ఈఎస్‌నెట్‌లో ఒకసారి ఒక రౌటర్ కార్డు చెడిపోయి 22,000 ప్యాకెట్లకు ఒకటి చొప్పున వదిలేసింది. దగ్గరి బదిలీలకు అదొక లెక్కే కాదు. దూరపు బదిలీలు మాత్రం కుదేలయ్యాయి.

మామూలు ఇంటర్నెట్‌లో డేటా అనేక కంపెనీల చేతులు మారుతుంది. ఎక్కడ రద్దీ ఉందో, ఎవరిని అడగాలో తెలియదు. కోట్లాది చిన్న ప్రవాహాలను నడపడానికి కట్టిన వ్యవస్థ అది, ఆ పనిలో దానికి వంక పెట్టలేం. ఐరోపాలో జీఆంట్, అమెరికాలో 34 విశ్వవిద్యాలయాలు 1996లో మొదలుపెట్టిన ఇంటర్నెట్2 వంటి పరిశోధన నెట్‌వర్కులు కొద్దిపాటి మహా ప్రవాహాల కోసం కట్టినవి. లింకు నిండకముందే సామర్థ్యం పెంచుతారు, పర్ఫ్‌సోనార్ అనే సాఫ్ట్‌వేర్ సాధనాలతో కొస నుంచి కొసకు ప్యాకెట్ల నష్టాన్ని కొలుస్తూ ఉంటారు. నా దృష్టిలో వీటి అసలు విలువ వేగం కన్నా ఈ కొలతల్లోనే ఉంది.

చిలీలోని రూబిన్ అబ్జర్వేటరీనే చూడండి. రాత్రికి సుమారు 20 టెరాబైట్ల చిత్రాలు తీసి, ఆకాశంలో ఏదైనా మారితే 60 సెకన్లలో శాస్త్రవేత్తలకు కబురందించాలన్నది దాని లక్ష్యం. ఆ కబురు కోసం చిత్రాల విశ్లేషణ జరిగేది అమెరికాలో. ఇక్కడ డిస్కుల మాటే రాదు.

కాబట్టి రోజూ పారే డేటాకు, గడువున్న డేటాకు పరిశోధన నెట్‌వర్కే మేలు. ఏడాదికి ఒకటి రెండు సార్లు పంపేవాళ్లు, కొన్ని వందల గిగాబైట్లతో పని గడిచేవాళ్లు మామూలు ఇంటర్నెట్‌తో సరిపెట్టుకోవచ్చు. దాని కోసం సభ్యత్వాల వెంట పడనక్కర్లేదు. కేబుల్ లేని చోట డిస్కులే దిక్కు.

అయితే పరిశోధన నెట్‌వర్క్ వచ్చినంత మాత్రాన వేగం రాదు. క్యాంపస్ గుమ్మం దగ్గర రాకపోకలను తనిఖీ చేసే ఫైర్‌వాల్ వేలకొద్దీ చిన్న కనెక్షన్లను చక్కగా కాస్తుంది, ఒక్క పెద్ద ప్రవాహం వస్తే ప్యాకెట్లు జారవిడుస్తుంది. అందుకే బదిలీ యంత్రాలను వేరుగా, క్యాంపస్ అంచున, వాటికి తగిన రక్షణ నియమాలతో పెట్టమంటారు ఈఎస్‌నెట్ ఇంజినీర్లు. ఆ పద్ధతికి సైన్స్ డీఎంజెడ్ అని పేరు. 100 గిగాబిట్ల లింకు అడిగే ముందు ఆ యంత్రంలోని డిస్కు ఎంత వేగంగా చదువుతుందో చూసుకోండి. ఒకే హార్డ్‌డిస్కయితే రెండు గిగాబిట్ల దగ్గరే ఆగిపోతుంది.