బయోడెక్స్ సిస్టమ్ 4: మోకాలి రిహాబ్‌లో ఎంతవరకు పనికొస్తుంది?

కూర్చుని కాలు చాపే మామూలు లెగ్ ఎక్స్‌టెన్షన్ యంత్రం మీద, కాలు బాగా బలహీనంగా ఉన్న కోణంలో ఎత్తగలిగినంత బరువే పెట్టగలం. మిగతా దూరమంతా కండరానికి చాలినంత పని దొరకదు. బయోడెక్స్ సిస్టమ్ 4 లాంటి ఐసోకైనెటిక్ (స్థిరవేగ) యంత్రంలో బరువులుండవు, వేగాన్నే కట్టేస్తారు. సెకనుకు 60 డిగ్రీలని పెడితే, ఎంత గట్టిగా తన్నినా కాలు అంతకుమించి వేగంగా కదలదు. తన్నిన కొద్దీ ఎదురొస్తుంది. నొప్పేసి వదిలేస్తే ఎదురూ ఆగిపోతుంది. ఆపరేషనైన మోకాలికి ఇంతకన్నా ధీమా ఏముంటుంది? కండరం సాగుతూ ఎదురు పట్టే ఎక్సెంట్రిక్ మోడ్‌లో మాత్రం మోటారే కాలిని నెడుతుంది కాబట్టి ఆ ధీమా అక్కడ చెల్లదు.

ఫలితమంతా కూర్చోబెట్టడంలోనే ఉంది. మోకాలి బయటివైపు ఎముక గుబ్బ, యంత్రం ఇరుసు ఒకే గీతలో ఉండాలి. తప్పితే తన్నేటప్పుడు ప్యాడ్ మోకాలి కింది ముందెముక మీద పైకీ కిందికీ జారుతుంది, టార్క్ (తిప్పే బలం) అంకె తప్పు వస్తుంది. ప్యాడ్ చీలమండకు రెండు వేళ్లు పైన ఉండాలి. భుజాలు, నడుము, తొడ బెల్టులు వదులైతే పిర్ర లేచిపోయి ఒంటి బలం కూడా లెక్కలో కలుస్తుంది. కాలి బరువు తూచే గ్రావిటీ కరెక్షన్ వదిలేస్తే తొడ ముందు కండరం ఉన్నదానికన్నా బలహీనంగా, వెనక కండరం బలంగా కనిపిస్తాయి. ఈ పొరపాటు చాలాచోట్ల జరుగుతుంది.

టెస్టు మొదట బాగున్న కాలికి చేయాలి. తేలిగ్గా మూడు నాలుగుసార్లు అలవాటు చేయించి, 60 దగ్గర 5 సార్లు, నిమిషంపైన విశ్రాంతి ఇచ్చి 180 దగ్గర 10 సార్లు. 300 దగ్గర జాగ్రత్త: కాలు ఆ వేగం అందుకోవడానికీ, చివర్లో ఆగడానికీ చాలా డిగ్రీలు పోతాయి, నిజంగా స్థిరవేగంతో కదిలేది మధ్యలో కొంచెమే. గ్రాఫ్‌లో మొదట్లో లేచే సూదిమొన లాంటి గీత కండర బలం కాదు.

గ్రాఫ్ చూడకుండా అంకెలు మాత్రమే ప్రింటిచ్చే సెంటర్లతో సగం లాభం పోయినట్టే. మోకాలిచిప్ప నొప్పి ఉంటే గుండ్రంగా లేవాల్సిన వంపు మధ్యలో ఒక్క కోణం దగ్గర కుంగవచ్చు. ఏసీఎల్ (మోకాలి లోపలి లిగమెంట్) కొత్తగా వేసినవారికి చివరి 40 డిగ్రీలు కాలు చాపడం గ్రాఫ్ట్‌ను, అంటే అతికించిన కణజాలాన్ని, లాగుతుంది. సర్జన్ సరేననేదాకా యంత్రంలో ఆ దూరాన్ని ఆపి ఉంచాలి.

సీటు, ఇరుసు, ప్యాడ్ కొలతలు ఫైల్లో రాయించుకోండి. మళ్లీ టెస్టుకు అవే పెట్టకపోతే పాత అంకెతో పోల్చలేం. రెండో కాలితో పోలిస్తే 90 శాతం బలం వచ్చినా, ఒంటికాలి గెంతు పరీక్ష విడిగా చేయించాల్సిందే: ఈ కుర్చీలో కూర్చుని తన్నడమే తప్ప దూకి దిగడం ఉండదు.